చిట్టమ్మ గుండం తొక్కిన వేసవి

మా అత్త చిట్టమ్మ నిప్పుల గుండంలో సగం దూరం నడిచి ఆగిపోయింది.

అక్కడ ఎవరూ ఆగరు. వేపమండలు చేతబట్టి, అమ్మవారి పేరు అరుచుకుంటూ, ఒక్క ఊపున అవతలికి పరుగెత్తేవాళ్ళే అందరూ. నిప్పుల మధ్య నిలబడ్డ మనిషిని మా కాలనీలో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆమె మాత్రం సొంత పెరట్లో తిరుగుతున్నట్టు నిదానంగా దిగింది. నడుమ నిలబడి జనంలో నేనెక్కడున్నానో వెతికింది. నన్ను చూసి, నా కడుపు వంక చూసి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మళ్ళీ అంతే నిదానంగా నడిచి అవతలి గట్టెక్కింది.

డప్పులు ఆగిపోయాయి. ఆ తర్వాత లేచిన కేక గాజువాక మెయిన్ రోడ్డు దాకా వినపడి ఉంటుంది.

తొంభై ఏడు వైశాఖం అది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి ఊరు ఖాళీ చేసి వచ్చినవాళ్ళ కాలనీ మాది. మనుషులతో పాటు మరిడమ్మ తల్లిని కూడా తెచ్చుకుని, కాలనీ చివర చిన్న గుడి కట్టారు. ఏటా వేసవిలో పండగ చేసి గుండం పేరుస్తారు. ఆ ఏడు మా అత్త తొక్కింది నాకోసం. నాకు అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు నేను భయపడి ఎవరికీ చెప్పలేదు. ఆమే కనిపెట్టి, పొయ్యి దగ్గర కూర్చున్న నా పక్కకు వచ్చి, "అమ్మోరికి సెప్పీసినాను. ఈ పాలి నిలిస్తే నాను గుండం తొక్కుతాను. నువ్వింక బెంగెట్టుకోకు" అంది. తల్లి లేని పిల్లనని నన్ను ఆమె కోడలిలా ఎప్పుడూ చూడలేదు. ఏడో నెల వచ్చేసరికి పండగ కూడా వచ్చింది.

గుండం దాటిన అత్తను ఆడవాళ్ళు ఎత్తుకున్నంత పని చేసి మా అరుగు మీద కూర్చోబెట్టారు. ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోశారు. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"కాల్నేదా అత్తా?" అని అడిగాను.

"నిప్పులేటే! పచ్చగడ్డి మీద నడిసినట్టున్నాది. అమ్మోరు అరిసెయ్యి కింద ఎట్టీసినాది" అంది.

మా ఆయన త్రినాథరావు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద గ్యాస్ కట్టింగ్ పని చేసేవాడు. నిప్పంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. బూటు మీద పడ్డ రవ్వ చర్మం దాకా దిగిన మచ్చలు కాళ్ళ నిండా ఉన్నాయి. అలాంటివాడు తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు.

మా అత్త సంగతి కొంచెం చెప్పాలి. మా మామ పోర్టులో కలాసీగా ఉండి, కొడుకు పాకే వయసులో ఉండగానే పోయాడు. ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో ఆమె రేజాగా కూలి పనికి వెళ్ళి, కాంక్రీటు గమేళాలు నెత్తిన మోసి కొడుకును పెంచింది. ఎంత మోసినా, ఎంత పెట్టినా, కాలనీలో పెళ్ళి జరిగితే ఆమె చోటు పందిరి వెనకే. పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు తనే తప్పుకుని వంటల దగ్గరికి వెళ్ళిపోయేది. ఒకరు పొమ్మనాల్సిన పని ఎప్పుడూ రానివ్వలేదు.

అలాంటి మనిషి కాళ్ళకు మర్నాటి నుంచి పునిస్త్రీలు పసుపు రాయడం మొదలుపెట్టారు. గుడి పెద్ద శ్రీరామ్మూర్తి అంతవరకూ ఆమెను "ఒలే చిట్టీ" అని పిలిచేవాడు. ఇప్పుడు గుమ్మంలో చెప్పులు విడిచి "తల్లీ" అంటూ లోపలికి వచ్చాడు. దువ్వాడ నుంచి, ఉక్కునగరం క్వార్టర్స్ నుంచి కూడా ఆడవాళ్ళు రాసాగారు. పిల్లలు లేనివాళ్ళు, మొగుడి తాగుడుతో వేగలేనివాళ్ళు, ఎవరి కష్టం వాళ్ళు ఆమె కాళ్ళ దగ్గర చెప్పుకునేవారు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గుండంలోంచి తెచ్చిన బూడిద అద్దేవారు. అత్త మొదట కాళ్ళు లోపలికి లాక్కునేది. "నాకేటమ్మా, ముండమోపిని" అనేది. నాలుగు రోజులు పోయాక లాక్కోవడం మానేసింది. పొద్దున్నే తల స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని కూర్చునేది. నవ్వేది. ఆమె పన్ను వరస అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

కాళ్ళకు బొబ్బలు లేచాయి. అది నేను మొదటి రోజే చూశాను. నొప్పి లేదు కాబట్టి వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. చితికితే వాటి మీద పసుపు పడింది.

ఆమెకు సుగరుందని ఎప్పుడో తెలుసు. మొదట్లో అరికాళ్ళు మండుతున్నాయని తడిగుడ్డ చుట్టుకుని కూర్చునేది. చీమలు పాకుతున్నట్టుందని చీటికీ మాటికీ పాదాలు దులుపుకునేది. ముందటి చలికాలంలో ఆ మంటలు వాటంతట అవే పోయాయి. "సూసినావా, ఆకు పసరు పని సేసినాది" అని సంబరపడి మాత్రలు కూడా మానేసింది. తర్వాత్తర్వాత సంత నుంచి ఒంటి చెప్పుతో వచ్చేది. రెండో చెప్పు ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలిసేది కాదు. మేము నవ్వేవాళ్ళం, ఆమె కూడా నవ్వేది. మంట తగ్గడం మంచిదేనని అందరం అనుకున్నాం. కాలికి తెలివే పోతోందని ఎవరికి తడుతుంది?

ఎండలు ముదిరాయి. ఒకరోజు ఆమె భోజనం దగ్గర వణకడం చూశాను. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. మా ఆయనతో చెప్పాను.

"ఆసుపత్రికి తీసుకెల్దాం. కాలు వాసినట్టుంది."

"అమ్మోరు ముట్టుకున్న కాలికి సూది పొడిపిత్తావేటి? నలుగురూ ఏటనుకుంటారు?"

"నలుగురూ అనుకుంటే జొరం తగ్గుతాదా?"

అతను చెయ్యి కడుక్కుని లేచాడు. తల్లిని చూడ్డానికి మనుషులు వరసలో నిలబడటం అతనికి ఎంత అపురూపమో నాకు తెలుసు. నేను అంతకంటే గట్టిగా అనలేకపోయాను. ఆమె నా బిడ్డకోసమే కదా నిప్పుల్లో దిగింది. ఆ కాలును అనుమానిస్తే నా కడుపును నేనే అనుమానించినట్టు ఉండేది.

వాసన వస్తోందని నాకు ముందు తెలిసింది. కడుపుతో ఉన్నదాన్ని, ముక్కు కుక్క ముక్కులా ఉండేది. సాంబ్రాణి, అగరొత్తులు, మల్లెపూలు, వాటి అడుగున ఇంకొకటి. ఎలుక చచ్చిందేమోనని బియ్యం డబ్బాల వెనకా, మంచం కిందా వెతికాను. ఏమీ లేదు.

ఆ శుక్రవారం పొద్దున్న మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు. పక్కింటి కాంతం, ఇంకా కొందరు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. శ్రీరామ్మూర్తి అరుగు మీద ఉన్నాడు. నేను గోరువెచ్చని నీళ్ళు బేసిన్లో పోసి తెచ్చాను.

"కాళ్ళు కడుగుతానత్తా."

"కడగవే, కడుగు. కోడలు కడిగితే ఇంకా మంచిది" అని సంతోషంగా కాళ్ళు చాపింది.

నేను కష్టంగా కూర్చున్నాను. పసుపు అట్టలు కట్టి ఉంది. నానబెట్టి చేత్తో రుద్దుతుంటే ఊడుతోంది. నీళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత ఎర్రబడ్డాయి, ఆ తర్వాత ఆ రంగుకు పేరు లేదు. పైన అత్త కాంతంతో బిడ్డ పేరు గురించి మాట్లాడుతోంది. మగపిల్లాడైతే ఏం పెట్టాలో, ఆడపిల్ల అయితే మరిడమ్మ పేరు ఎక్కడ కలపాలో చెబుతోంది. బొటనవేలి మొదట్లో పసుపు ముద్ద ఒకటి కదిలి ఊడి వచ్చింది. నా వేలు దాని కిందున్న గుంటలోకి దిగింది. లోపల గట్టిగా ఏదో తగిలింది.

అత్త మాట ఆగలేదు.

కాంతం వంగి చూసింది. ఆమె ముఖంలో రంగు పోయింది.

"ఒదినా, నీకు నొప్పెట్టడం నేదా?"

"నొప్పేటే?" అంది అత్త, మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి.

వాసన గది నిండా పరుచుకుంది. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆమె వెనకే మరొకామె. శ్రీరామ్మూర్తి లోపలికి వచ్చి, చూసి, భుజం మీది తువ్వాలు తీసి అత్త కాలి మీద కప్పాడు. ఆ పెద్దాయనే ఎండలో చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాకా పరుగెత్తి ఆటో తెచ్చాడు.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీల వెనక చిక్కుకుపోయాం. ఖనిజం ఎర్రదుమ్ము ఆటోలోకి కొడుతోంది. అత్త నా భుజం మీద తల వాల్చి, "ఎందుకే ఇంత అల్లరి" అంటూనే ఉంది.

పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరు పేరు నాగమణి. గట్టిగా మాట్లాడని మనిషి. పుండు చూసి, రక్తపరీక్షకు రాసి, మంచం అంచున కూర్చుంది.

"కళ్ళు మూసుకో అమ్మా. నేను కాలి మీద తాకుతాను. తాకినట్టు తెలిసినప్పుడల్లా 'ఆఁ' అను. సరేనా?"

అత్త బుద్ధిగా కళ్ళు మూసుకుంది. డాక్టరు చేతిలో గుండుసూది ఉంది. మంచిగా ఉన్న కాలితో మొదలుపెట్టింది. బొటనవేలు, చిటికెనవేలు, అరికాలి మధ్య, మడమ. తర్వాత రెండో కాలు. ఒకచోట చిన్న రక్తపు బొట్టు లేచింది. అత్త కళ్ళు మూసుకుని, పిలుపు కోసం చూస్తున్నట్టు, తల కొంచెం పక్కకు వంచి కూర్చుంది. చాలాసేపు అలాగే కూర్చుంది.

"మొదలెట్టు డాక్టరమ్మా" అంది చివరికి.

నేను కిటికీ వైపు తిరిగాను. డాక్టరు సూదిని పైకి జరుపుతూ పోయింది. మోకాలికి బెత్తెడు కింద అత్త ఉలిక్కిపడి "ఆఁ" అంది. కళ్ళు తెరిచి, సూది ఎక్కడుందో చూసింది. తర్వాత పాదం మీది రక్తపు బొట్టును చూసింది.

"సుగరు వల్ల నరాలు చచ్చుబడిపోయాయమ్మా. కాలుతున్నా, కోసుకున్నా తెలియదు."

"ఇది ఎప్పుట్నించి?"

"ఒక్కరోజులో వచ్చేది కాదు. ఏడాది, ఏడాదిన్నర నుంచి కొంచెం కొంచెంగా పోతూ వచ్చి ఉంటుంది."

అత్త ఆ రక్తపు బొట్టును వేలితో తుడిచింది.

"అయితే ఆ రోజు గూడా నేదన్నమాట" అంది.

డాక్టరుకు అర్థం కాక నా వంక చూసింది. నేను గుండం సంగతి చెప్పాను. ఆమె సూదిని ట్రేలో పెట్టేసి, దుప్పటి అత్త పాదాల మీదికి లాగి, వెళ్ళిపోయింది.

సాయంత్రం మా ఆయన డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. విషం పైకి పాకుతోందని, మోకాలి కింద తీసెయ్యకపోతే మనిషి దక్కదని డాక్టరు అతనికి చెప్పింది. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అత్త మమ్మల్ని దగ్గరికి పిలిచింది. కాలు తీసేస్తారంటే ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆలోచన అక్కడ లేనే లేదు.

"కాలనిది మొక్కెలాగవుతాదే పద్మా? అందరూ కాల్తాదని తెలిసే దిగుతారు. ఆ నొప్పే కదా అమ్మోరికిచ్చీది. నానేటిచ్చినాను? సచ్చిపోయిన కాళ్ళిచ్చినాను."

"అలాగనకత్తా. నీకు తెలీదు కదా."

"నాకు తెలీపోతే అమ్మోరికి తెలీదేటి?" అని లేవబోయింది. "ఒరే తినాదా, శ్రీరామ్మూర్తి బావకి సెప్పు. ఇంకోపాలి గుండం పేర్సమను. మోకాలి కాడ తెలుస్తంది గదా, మోకాళ్ళ మీద ఎల్తాను. బిడ్డ పుట్టకముందే ఎల్లిపోవాల."

మా ఆయన ఆమె రెండు భుజాలూ పట్టి పడుకోబెట్టాడు. ఆమె జ్వరంలో ఉంది, అయినా అతని బలం చాల్లేదు, నేను కూడా పట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి నా కడుపులో బిడ్డ కదల్లేదన్న సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. దేవుళ్ళ మీద నాకు అంత పట్టింపు ఉండేది కాదు. ఆ క్షణంలో మాత్రం నేనూ మోకాళ్ళ గురించే ఆలోచించాను. కాసేపటికి బిడ్డ తన్నింది.

కాలు తీసేశారు.

వానలు పడ్డాయి. అత్త వార్డులో గోడ వైపు తిరిగి పడుకునేది. గాయం మానడం లేదని ఇంటికి పంపలేదు. కాలనీ ఆడవాళ్ళు చూడ్డానికొస్తే దుప్పటి ముఖం మీదికి లాక్కుని, "నన్ను ముట్టుకోకండమ్మా" అనేది. తర్వాత వాళ్ళూ రావడం మానేశారు, ఒక్క కాంతం తప్ప. నేను తినిపిస్తే తినేది. నా కడుపు వైపు మాత్రం చూసేది కాదు. అంతకుముందు రోజూ చెయ్యి వేసి చూసే మనిషి. నెలలు నిండుతున్నాయి, నా పాదాలు వాచాయి, ఆమె ఒక్క మాట అడగలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే కేక పెట్టింది. వార్డంతా తిరిగి చూసింది.

"కాలు! కాలు కాల్తంది!"

మిగిలిన కాలు నేను పట్టుకున్నాను.

"అది కాదే. ఆ కాలు!" అని దుప్పటి చదునుగా ఉన్న చోటు చూపించింది. "నిప్పుల్లో ఎట్టినట్టున్నాది. యేళ్ళు తెలుస్తన్నాయి. మడమ తెలుస్తంది. ఓలమ్మో!"

నేను పరుగు లాంటి నడకతో వెళ్ళి డాక్టరును తీసుకొచ్చాను. ఆమె చూసి, నన్ను వరండాలోకి పిలిచింది.

"భయపడకు. కాలు పోయినా దాని నరాల మొదళ్ళు ఉంటాయి కదా. మెదడు ఇంకా కాలుందనే అనుకుంటుంది. కాలు తీసేసినవాళ్ళలో చాలామందికి ఇలాగే ఉంటుంది. ఇంజక్షన్ రాశాను, తగ్గుతుంది" అని చెప్పి పక్క వార్డుకు వెళ్ళింది.

నేను తిరిగి వచ్చేసరికి సిస్టరు సూది పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది. అత్త ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. నుదుటి నిండా చెమట, పెదవి కొరుక్కుంది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ ముఖంలో సంతోషం ఉంది. పసుపు రాయించుకున్న రోజుల నాటి సంతోషం కాదు. పోయిందనుకున్న మనిషి గుమ్మంలో కనిపిస్తే వస్తుందే, అలాంటిది.

"వద్దమ్మా, ఎయ్యకు. ఇప్పుడు తీసుకుంటన్నాది అమ్మోరు. సగంలో ఆపీకూడదు." నన్ను చూసి, చాలా రోజుల తర్వాత నా కడుపు మీద చెయ్యి వేసింది. "బిడ్డ పుట్టీదాకా ఉండనీ."

"ఇదేం మాటమ్మా, ఇంత నొప్పితో ఎలా ఉంటారు? కోడలుగా మీరైనా చెప్పండి" అంది సిస్టరు.

డాక్టరు చెప్పిన మాట నా నోట్లోనే ఉంది. అది చెబితే ఆమె సూది వేయించుకుంటుంది, నిద్రపోతుంది, లేచాక మళ్ళీ గోడ వైపు తిరుగుతుంది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా కనిపిస్తూనే ఉంది. నా కడుపు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

"వద్దులెండి సిస్టర్" అన్నాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో వర్ణించను. నొప్పి వచ్చినప్పుడు ఆమె దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేది. లేనప్పుడు నాతో కబుర్లు చెప్పేది, కాళ్ళు పైకి పెట్టుకోమని కోప్పడేది. సూది వేయించుకోమని త్రినాథరావు ఆమెను బతిమాలాడు, నన్ను తిట్టాడు, ఒకరోజు ఇద్దరి మీదా అలిగి వెళ్ళిపోయి, మర్నాడు కమలాపళ్ళతో వచ్చాడు. డాక్టరు రెండుసార్లు అడిగి ఊరుకుంది. అప్పుడు నేను చేసింది ఒప్పో తప్పో ఇన్నేళ్ళ తర్వాత కూడా తేల్చుకోలేదు. తేల్చుకోవాలని కూర్చోలేదు కూడా. ఆమె ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. రెండో కాలును కూడా సుగరే తీసుకుంది.

నాకు నొప్పులు ఆ ఆసుపత్రిలోనే మొదలయ్యాయి. పురుడు వార్డు ఆవరణకు ఆ చివర. పొద్దున్న తీసుకెళ్ళారు, మధ్యాహ్నం వాన జోరుగా కురుస్తుండగా పాప పుట్టింది. తర్వాత జరిగింది నేను చూడలేదు, కాంతం చెప్పింది. కాంతం పాపను గుడ్డలో చుట్టి, త్రినాథరావు గొడుగు పడుతుంటే, ఆవరణ దాటి అత్త మంచం దగ్గరికి తీసుకెళ్ళిందట. అత్త అప్పుడే ఒక పోటు తట్టుకుని వెల్లకిలా పడుకుని ఉందట. బిడ్డను చేతుల్లోకి తీసుకోలేదు. మళ్ళీ పోటొస్తే పడేస్తానేమో అందట.

"ఏడిసిందా?"

"ఏడిసింది ఒదినా. గట్టిగా ఏడిసింది."

"పద్మా?"

"బాగున్నాది. నిద్రోతంది."

అత్త పాపను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, సిస్టరును పిలిచిందట.

"ఇప్పుడెయ్యమ్మా సూది" అందట.